టిన్ ఓపెనర్

గ్రిమ్స్‌బీలో గురువారం
మనుషుల కంటే ముందు చేపల వాసన నిద్ర లేస్తుంది.
చర్చి వెనక హాల్లో నేను
టిన్నులు బోర్లించి తేదీలు చదువుతుంటాను.
బీన్స్, టమాటా, పీచెస్, మళ్ళీ బీన్స్.
ఈ నెలవి ఎడమకి, వచ్చే ఏటివి కుడికి,
గడువు దాటినవి మోరీన్ నీలం తొట్టిలోకి.

మా నాయనమ్మ బైబిల్ ఉమన్.
చంకలో సంచి, నెత్తిన గొడుగు,
తుని అవతల కొండ కింది ఊళ్ళన్నీ కాలినడకే.
నేను పుట్టిన ఏడో రోజున
పురిటి వాసన పోని నన్ను పైకెత్తి
"ఇది నీది, నీ పనికి వాడుకో" అని
దేవుడికి అప్పజెప్పేసిందట,
మా అమ్మని మాట వరసకైనా అడక్కుండా.
పేరు సమర్పణ అని పెట్టింది.

ప్రామిసరీ నోటులా ఆ పేరు మోసుకు తిరిగాను.
ఉపవాస కూటాల్లో,
హల్ నగరంలో హాస్టల్ హీటర్ పక్కన మోకాళ్ళ మీద,
పిలుపు వస్తుందని చెవి అటే వేసి కూర్చున్నాను.
ఫైర్ అలారం పిలిచింది. బ్యాంకు పిలిచింది.
ఇంటివాడు అద్దె కోసం పిలిచాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు
చేపల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్.
లక్ష పెట్టెల మీద గడువు కొట్టించాను.
ఒక ఆదివారం, పాస్టర్ గారు మూడో పాయింటులో ఉండగా,
నా అడుగున ఏ తేదీ ఉందో అనిపించింది.
నన్ను నేను బోర్లించుకోలేను కదా.

మోరీన్ ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి.
ఆమె ప్రార్థన కూడా స్టాపుల లెక్కే:
ఒక పేరు, ఒక అవసరం,
ఇంకో పేరు, ఇంకో అవసరం, ఆమెన్.
"నీకు చిన్న అక్షరాలు కనిపిస్తాయిగా, గురువారం రా"
అంది కాఫీ కప్పులు కడుగుతూ.
దాన్ని పిలుపు అనుకోలేదు నేను.
సరే, ఖాళీయే కదా అనుకున్నాను.

జనవరిలో ఒక రోజు
"సామ్" అంది. వినిపించలేదు.
"సామ్" అంది. ఎవరినో అనుకున్నాను.
మూడోసారికి గుర్తొచ్చింది,
ఇక్కడ నా పేరులో మిగిలింది అంతే అని.
"ఇక్కడున్నా" అన్నాను.
"గుమ్మంలో ఒకతను, చూడు."

సంచి వెనక్కి తెచ్చాడు.
బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది, గుడ్డ మీద ఎరుపు.
స్క్రూడ్రైవర్‌తో పొడిచాడట.
"ఇవి తెరవడానికి మీ దగ్గర ఏమైనా ఉందా?"
అడిగింది నేలని.
సంచిలో ఆరు టిన్నులు, వాటి మీద
నేను రిబ్బను కట్టి పెట్టిన వాక్యం కార్డు.

అంటే ఇన్నాళ్ళూ నేను
మూతలు పంచానన్నమాట.

నాలుగు వీధులు, మంచు కలిసిన వాన.
ఇంటికెళ్ళి వంటింటి సొరుగు లాగి
నాది తెచ్చిచ్చాను.
"ఎప్పుడు తిరిగివ్వాలి?" అన్నాడు.
నాకు ఏడుపెందుకొచ్చిందో తెలియదు.
ఆ రాత్రి చారు పెడదామని టమాటా టిన్ను తీసి,
ఖాళీ సొరుగు చూసి
ఒంటరిగా, పడీ పడీ నవ్వాను.

అన్ని గురువారాలూ అలా ఉండవు నాయనమ్మా.
ఒకామె పాస్తా విసిరికొట్టి తిట్టిపోయింది.
కొన్నిసార్లు ప్రార్థన పైకప్పు దాకా వెళ్ళి
తేమతో కిందికి కారుతుంది.
నీ నోటు తీరిందా అంటే
నేనేం చెప్పను, వడ్డీ కడుతున్నానేమో.

నిన్న గ్రాంటు ఫారం వచ్చింది.
"మీ సంస్థ పరమార్థం యాభై పదాల్లో రాయండి."
కలం పట్టుకుని గంట కూర్చున్నాను,
పెద్ద మాటలన్నీ వచ్చి వరసలో నిలబడ్డాయి.
మోరీన్ కాగితం లాక్కుని రాసింది:
నలభై టిన్ ఓపెనర్లు.
మిగిలిన గళ్ళు ఖాళీగా వదిలేసి
టీ పెట్టడానికి లేచింది.